రాయకుండా ఇచ్చిన రెండో భాగం

మా మేనత్తకి కంట్లో శుక్లం ముదిరింది. ఇంకో వేసవి దాకా ఆగితే ఆ కన్ను దక్కదని టెక్కలి డాక్టరు ఖాయంగా చెప్పాడు. రెండో కంటి చూపు అప్పటికే సగం పోయింది. ఆపరేషన్‌కి తీసుకెళ్లడానికి మా బావ, అంటే అత్త కొడుకు, ఆటో కూడా మాట్లాడుకొచ్చాడు. ఆవిడ మాత్రం వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని కదల్లేదు.

"ఆ పిల్ల ఏటయిందో తెలిసినాకే కంటి మీద కత్తి ఎట్టనిత్తాను. మీ డాట్రు సెయ్యి వొణికితే నా గతేటి? ఆ పిల్ల ఇల్లు సేరిందో లేదో తెలీకుండానే గుడ్డిదాన్నయిపోవాల?"

ఆ పిల్ల మాకు బంధువేమీ కాదు, ఒక నవల్లో నాయిక. రెండు భాగాల లావుపాటి నవల అది. మొదటి భాగం చివర ఆ పిల్ల అత్తవారింట్లో మాట పడలేక, ట్రంకుపెట్టె చేతపట్టుకుని రైలెక్కుతుంది. రైలు కదులుతుంది. ఆ భాగం అక్కడితో సరి. తొమ్మిదేళ్ల కిందట ఆ పుస్తకం పలాస నుంచి తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టిన పాపాత్ముణ్ని నేనే. రెండో భాగం మా లైబ్రరీ బీరువాలో కనబడలేదు. తొమ్మిదేళ్లుగా ఆ పిల్ల రైల్లోనే ఉంది. నేను ఉద్దానంలో వాళ్ల ఊరు వెళ్లిన ప్రతిసారీ అత్త మంచినీళ్లకంటే ముందు ఆ సంగతే అడిగేది.

నేను పగలు పలాసలో జీడిపప్పు కార్ఖానాలో గుమాస్తాని, సాయంత్రం ఊరి లైబ్రరీలో లైబ్రేరియన్ని. కార్ఖానా యజమానే లైబ్రరీ కమిటీకి ప్రెసిడెంటు. కాబట్టి పొద్దుటి నమస్కారమూ సాయంత్రపు నమస్కారమూ ఒకరికే పెట్టేవాణ్ని. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే తను కూర్చున్న చోట ఫ్యాను తనవైపే తిరగాలని నమ్మే మనిషి.

రెండు వేల అయిదు, ఆరు ఆ ప్రాంతం. టెక్కలిలో, పలాసలో ఇంటర్నెట్ సెంటర్లు పుట్టుకొస్తున్న రోజులు. పలాస, టెక్కలి, నౌపడ, కోటబొమ్మాళి, ఉద్దానంలో మా అత్తా వాళ్ల ఊరు, ఈ అయిదు చోట్లా ఊరి పెద్దలు నడిపే చిన్న చిన్న లైబ్రరీలు ఉండేవి. ఏ పుస్తకం ఏ ఊళ్లో ఉందో అందరికీ కనబడేలా అయిదింటికీ కలిపి ఒక వెబ్‌సైట్ పెడదామని టెక్కలి లైబ్రరీ చూసే రిటైర్డు హెడ్మాస్టరు గారు ప్రతిపాదించారు. ఒక ఊరి పాఠకుడు ఇంకో ఊరి పుస్తకం తెప్పించుకోవచ్చు. అందరికంటే గట్టిగా బల్ల చరిచి సమర్థించింది నేనే. విజ్ఞానవ్యాప్తి గురించి రెండు ముక్కలు కూడా మాట్లాడాను. నిజానికి నాకు కావలసింది విజ్ఞానం కాదు, రెండో భాగం. మిగతా నాలుగు ఊళ్లలో ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా అని నా ఆశ. ఉంటే అత్త కన్ను దక్కుతుంది.

సైటు చేసేవాళ్లని ఎంచుకోవడానికి మా లైబ్రరీ హాల్లో కమిటీ కూర్చుంది. అయిదు ఊళ్ల నుంచి అయిదుగురు పెద్దలు. ఉద్దానం తరఫున మా బావ వచ్చాడు. కొబ్బరి తోటలు తప్ప మరో గొడవ లేనివాడు, పుస్తకాల కమిటీలోకి ఎలా వచ్చాడంటే లైబ్రరీ గది వాళ్లది కాబట్టి. నేను మినిట్స్ రాయడానికి.

కంపెనీని ఎలా ఎంచుకోవాలో మాలో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకునేవాళ్లు కూడా ఎవరూ లేరు. హెడ్మాస్టరు గారు ముప్ఫయ్యేళ్ల అలవాటు కొద్దీ మార్కుల పట్టిక గీసుకొచ్చారు. మర్యాదకి పది, సమయపాలనకి పది, దస్తూరికి పది.

"కంప్యూటరోళ్లకి దస్తూరీ ఏటి మాస్టారూ?" అన్నాడు బావ.

"అక్షరం కుదురుగా ఉంటే మనసు కుదురుగా ఉంటుంది" అన్నారు ఆయన. ఆ రోజు వచ్చిన ముగ్గురి చేతా నిజంగానే తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాయించారు. ఇప్పటికీ మా ఫైల్లో ఆ కాగితాలు ఉన్నాయి.

ప్రెసిడెంటు గారి పద్ధతి వేరు. జీడిపిక్కలు కొనేటప్పుడు మేం బస్తా మూతి విప్పి పైన చూసి ఊరుకోం. పైన మంచి పిక్కలు పోయడం అమ్మేవాడికి పుట్టుకతో వచ్చిన విద్య. అందుకని బస్తా అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒక్కొక్క పిక్కనీ రెండుగా కోసి లోపల పప్పు ఎలా ఉందో చూస్తాం. నిండుగా ఉందా, ముడుచుకుపోయిందా, పురుగు పట్టిందా అన్నది అప్పుడు తెలుస్తుంది.

"ఈళ్లనీ కోసే సూద్దాం. ఎవరికీ దొరకని పుస్తకం ఒకటి సెప్పు గుమాస్తా. అది ఏ ఊళ్లో ఉన్నాదో ఎవడు కనిపెడితే ఆడికే పని" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఇంకేం కావాలి. నవల పేరు చెప్పి, రెండో భాగం అన్నాను. ప్రెసిడెంటు గారు తల ఊపారు. ఆ తల ఊపడాన్ని బాగా గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పని ఉంది.

మొదటివాడు విశాఖపట్నం నుంచి మే నెల ఎండలో టై కట్టుకుని వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి, మా కోసమే చేసిన నమూనా సైటు చూపించాడు. తెర మీద రెండు పావురాలు ఎగిరొచ్చి మా అయిదు ఊళ్ల పేర్లున్న దండని కిందికి వదిలాయి. వెనకాల వీణ. హెడ్మాస్టరు గారు కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి వేయించుకున్నారు. కమిటీ ఫొటో ఆ దండ పక్కన పడుతుందా అని కోటబొమ్మాళి పెద్దమనిషి అడిగితే, అందరి ఫొటోలూ ఒకదాని వెనక ఒకటి మెరుస్తాయని వాడు మాట ఇచ్చాడు. హాల్లో వాతావరణం పూర్తిగా వాడివైపు తిరిగిపోయింది.

"పావురాలు పైవరస. అడుగున ఏటున్నాదో సూపించు బాబూ" అన్నారు ప్రెసిడెంటు గారు.

వాడు పుస్తకాలు అన్న చోట నొక్కాడు. నిర్మాణంలో ఉంది అని రాసి, పార పట్టుకుని తవ్వుతున్న ఒక బొమ్మ మనిషి కనిపించాడు. పాఠకులు అన్న చోట నొక్కితే అక్కడా వాడే. మేం అయిదు నిమిషాలు చూశాం. వాడు తవ్వుతూనే ఉన్నాడు.

"ఈడికి కూలెవరిత్తన్నారు?" అన్నాడు బావ.

రెండోవాడు బరంపురం నుంచి. ఒడియా కలిసిన తెలుగులో తియ్యగా మాట్లాడేవాడు. ఏం అడిగినా అయిపోతుందనేవాడు. వాడి నమూనాలో పైన లైబ్రరీ అనే ఉంది కానీ, లోపలికి వెళ్తే వరుడి తరఫు విడిది, వధువు తరఫు విడిది, నాలుగు వందల మందికి భోజనాల హాలు. ఏదో కల్యాణమండపం సైటు మీద పైబోర్డు మార్చి తెచ్చాడు. మా బావకి మాత్రం అది తెగ నచ్చింది. తన మేనకోడలి పెళ్లికి ఆ హాలు ఖాళీ ఉందేమో కనుక్కున్నాడు.

మూడో మనిషి టెక్కలి బస్టాండు వెనక ఇంటర్నెట్ సెంటర్ నడిపే అమ్మాయి. పాతికేళ్లుంటాయి. ల్యాప్‌టాప్ లేదు, చేతిలో ఒక పొడుగు నోటుబుక్కు. నమూనా ఏదమ్మా అని అడిగారు హెడ్మాస్టరు గారు.

"మీ రిజిస్టర్లు చూడకుండా నేనేం చూపిస్తానండీ? ముందు అవి ఇవ్వండి" అంది.

ఇది అందరికీ కాస్త పొగరుగా వినబడింది. హెడ్మాస్టరు గారు మర్యాద గడిలో నాలుగు వేసి, దస్తూరి చూశాక పదికి పది వేయక తప్పక, చాలా బాధపడ్డారు.

ముగ్గురికీ రెండు వారాలు గడువిచ్చాం. విశాఖవాడు ఫోన్ చేసి, పుస్తకాల వివరాలు మీరు ఎక్కించుకోవాలి, మేం ఎక్కించం, అన్నాడు. బరంపురంవాడు రెండో రోజే మీ రెండో భాగం నౌపడలో ఉందని తేల్చేశాడు. ఆ కబురు విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను. బావ ఆ పూటే రైలెక్కి నౌపడ వెళ్లాడు. అక్కడి లైబ్రరీలో మూడు బీరువాలూ కిందికి దింపించి, ఉప్పుగాలికి అట్టలు ఉబ్బిపోయిన పుస్తకాలన్నీ తిరగేసి, సాయంత్రానికి మా కార్ఖానా ముందుకొచ్చి నిలబడ్డాడు. బరంపురానికి ఫోన్ చేస్తే, నౌపడ కాకపోతే కోటబొమ్మాళిలో పెట్టేద్దాం సార్, మీ ఇష్టం, అన్నాడుట.

"అమ్మకి సెప్పీసినాను బావా, దొరికిందని. ఇప్పుడేటి సెప్పాల?" అన్నాడు బావ. అంత పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రెండు వారాలూ టెక్కలి అమ్మాయి బస్సు మీదా రైలు మీదా అయిదు ఊళ్లూ తిరిగింది. మా దగ్గరికి వచ్చినప్పుడు, కొత్తగా వచ్చిన పుస్తకాలు రాసే చేర్పు రిజిస్టరు, ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని, బీరువాలో పుస్తకాలన్నీ ఒక్కొక్కటీ తీసి చూస్తూ టిక్కులు పెట్టుకుంది. మధ్యలో నన్ను ఏవో ప్రశ్నలు అడిగేది. ఒక పుస్తకం ఊరు మారితే మోసేదెవరు? పోతే ఎవరి పేరున రాస్తారు? పన్నెండేళ్లుగా లైబ్రేరియన్నన్న గర్వంతో ఉన్న నాకు ఒక్కదానికీ సమాధానం తెలియదు. లోపల మండింది. పిల్లకాకి, నాకు పని నేర్పుతోందా అనుకున్నాను.

రెండో సమావేశంలో ఆ అమ్మాయి లేచి నిలబడి నోటుబుక్కు తెరిచింది.

"మీరడిగిన రెండో భాగం పలాసదేనండి. చేర్పు రిజిస్టర్లో ఉంది, కొట్టివేత లేదు. ఎవరికీ ఇచ్చినట్టు రాసి లేదు. బీరువాలో లేదు. ఇలాంటివి ఇక్కడ ముప్ఫయ్యారు ఉన్నాయి. అయిదు ఊళ్లలోనూ ఉన్నాయి. నాకర్థం కాక అడుగుతున్నాను. మీరు రాయకుండా ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారాండి?"



ఇక్కడ మా ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పెద్దవాళ్లు పుస్తకం తీసుకుంటే మేం రాయం. స్కూలు పిల్లాడి పేరు రాసి, ఎదురుగా గడువు తేదీ వేసి, సంతకం పెట్టించుకునే రిజిస్టర్లో ఊరి పెద్ద పేరు రాయడమా? ఆయన ఎదట ఆ రిజిస్టరు తెరవడమే తప్పు. నవ్వుతూ ఇస్తాం, ఆయన నవ్వుతూ పట్టుకెళ్తాడు. ఎప్పుడైనా ఆయన ఇంటికెళ్తే అల్మారాలో మన ముద్రున్న పుస్తకం కనబడుతుంది, మనం చూపు తిప్పుకుంటాం. అయిదు ఊళ్లలోనూ ఇదే మర్యాద. అలా రాయించుకోకుండా పట్టుకెళ్లే హోదా ఉన్న అయిదుగురూ ఆ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. నౌపడ పెద్దాయన కిటికీలోంచి చూస్తున్నారు. హెడ్మాస్టరు గారు మార్కుల పట్టికలో ఏదో కూడుతున్నారు.

"ఎవడు పట్టికెల్లినాడు?" అన్నారు ప్రెసిడెంటు గారు, బల్ల మీద గట్టిగా కొట్టి. "లైబ్రరీ పుస్తకం అట్టుకెల్లి ఇన్నేళ్లు ఇవ్వనోడు మనిసేనా? గుమాస్తా, ఎవడికిచ్చినావో సెప్పు. ఎంతోడైనా సరే, నేను సూసుకుంటాను."

సరిగ్గా అప్పుడే నాకు గుర్తొచ్చింది. రాకపోతే బాగుండేది. ఒకసారి ఆయన తిరుపతి వెళ్తూ, కారు మా లైబ్రరీ ముందు ఆపించి, రైల్లో కాలక్షేపానికి లావుగా ఏదైనా ఇవ్వమన్నారు. నేను పరుగున వెళ్లి కారు కిటికీలోంచి అందించాను. లావుగా ఉందన్న ఒకే కారణంతో, ఏ భాగమో కూడా చూడకుండా.

నోరు విప్పితే పగటి ఉద్యోగం పోతుంది. విప్పకపోతే మా అత్త కన్ను పోతుంది. ఎదురుగా బావ ఏమీ తెలియక, ఆ దొంగ ఎవడో ఇప్పుడు తేలిపోతాడన్న ఆశతో ప్రెసిడెంటు గారిని దేవుణ్ని చూసినట్టు చూస్తున్నాడు. నేను గ్లాసుడు నీళ్లు తాగాను. ఇంకో గ్లాసు తాగాను.

"సెప్పవేటి?"

"రాయకపోవడం నా తప్పేనండి" అన్నాను. "ఎవరో తిరుపతి వెళ్తుంటే... రైల్లోకి... కారు కిటికీలోంచి ఇచ్చినట్టు గుర్తండి."

ప్రెసిడెంటు గారి నోరు ఇంకో ప్రశ్నకి తెరుచుకుని, మూసుకుంది. ఆయన ఫ్యాను వైపు చూశారు. ఫ్యాను ఆయన వైపే తిరుగుతోంది.

"ఇంకేటున్నాది" అన్నారు. "కోసి సూద్దామన్నది నేనే. పురుగు బయటపడ్డాది. కోసినోళ్లని అంటే ఏటొత్తాది? ఆ అమ్మాయికే ఇచ్చీండి పని. నువ్వు రాసుకో."

నేను రాశాను. ఆ పేజీలో నా దస్తూరి హెడ్మాస్టరు గారు చూస్తే రెండు మార్కులు కూడా వేయరు.

మర్నాడు ఆయన కార్ఖానాకి రెండు రెక్సిను సంచులు స్వయంగా మోసుకొచ్చి నా బల్ల కింద పెట్టి లోపలికి వెళ్లిపోయారు. పద్దెనిమిది పుస్తకాలు. రెండో భాగం అన్నింటికంటే అడుగున ఉంది. పన్నెండో పేజీలో ఆనాటి తిరుపతి రైలు టికెట్టు. తొమ్మిదేళ్లు మా అత్తని తిప్పలు పెట్టి ఆయన చదివింది పన్నెండు పేజీలు. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చి, ఉద్యోగం మిగిలిందన్న సంతోషంలో రెండూ మర్చిపోయాను.

ఆ సాయంత్రమే పుస్తకం పట్టుకుని ఉద్దానం బస్సెక్కాను. అత్త పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, అట్టని కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుంది. బావ ఆటోవాడికి మళ్లీ చెప్పాడు. వారం పోయాక వెళ్లి చూస్తే ఆవిడ ఆరో పేజీలో ఉంది. ఇంకో వారానికి తొమ్మిదో పేజీ.

"ఎండలో అచ్చరం కదుల్తాదిరా. నిదానంగా సదువుతాను. తొందరేటి?" అంది.

తొందర లేకపోవడమేమిటి? అప్పటికి మాకు విషయం అర్థమైంది. మొదటి భాగాన్ని మూడు రోజుల్లో నమిలేసిన మనిషి ఆవిడ. ఆ పిల్ల ఇల్లు చేరకుండా ఉన్నన్నాళ్లూ డాక్టరు దగ్గరికి వెళ్లక్కర్లేదు. నిన్నటిదాకా పుస్తకం లేకపోవడం సాకు, ఇప్పుడు పుస్తకం ఉండటం సాకు. మా అత్తకి కత్తంటే భయం. ఆ భయాన్ని మాకు చెప్పుకోలేక ఆ పిల్లని అడ్డం పెట్టుకుంది. ఆవిడ అలా భయపడటం నేనెప్పుడూ చూడలేదు, చాలా జాలేసింది. జాలితో పేజీలు తిరగవు కదా.

అంతలో సైటు మొదలైంది. పావురాలు లేవు, వీణ లేదు, తెల్లటి పేజీలో ఒక గడి మాత్రం. పేరు కొడితే ఏ ఊళ్లో ఉందో చెబుతుంది. మొదలుపెట్టిన మూడో రోజే నౌపడ నుంచి ఒకావిడ మా లైబ్రరీకి వచ్చింది. ఉప్పుమళ్ల దగ్గర పనిచేస్తుందట, రైలు దిగి నేరుగా వచ్చింది. రెండో భాగం పలాస బీరువాలో ఉందని కంప్యూటర్లో చూపించారట. మొదటి భాగం చదివి ఎన్నాళ్లో అయిందట. ఆవిడా ఆ రైల్లోనే ఉందన్నమాట. నేను ఆ పుస్తకం లేని బీరువా ముందు నిలబడి తల గోక్కున్నాను.

ఆవిడ బయటికెళ్లి సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేసిందట, అరగంటలో టెక్కలి అమ్మాయి నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"సార్, రాయకుండా ఇచ్చారాండి?"

"మా మేనత్తమ్మా. ఇంటి మనిషి. ఆవిడకి రాయడమేంటని..."

"ఆవిడ పేరు చెప్పండి సార్."

చెప్పాను. ఇచ్చిన తేదీ, వయసు అడిగి, ఎనభై దగ్గర కాబట్టి ఇంకో పదిహేను రోజులు అదనంగా ఇస్తున్నానని, ఆ తర్వాత నౌపడ వాళ్లకి ఇవ్వాలని చెప్పి పెట్టేసింది. మా సైట్లో పుస్తకం తీసుకున్నట్టు నమోదైన మొదటి పేరు మా అత్తది. పుస్తకం పేరు, ఆవిడ పేరు, గడువు తేదీ. ఆ కాగితం అచ్చు తీసి బావ చేత పంపింది.

మర్నాడు నేను భయపడుతూనే ఉద్దానం వెళ్లాను. పెద్దావిడ పేరు అలా గడువు తేదీ పక్కన రాయించానని నన్ను దులిపేస్తుందనుకున్నాను. అత్త ఆ కాగితాన్ని కంటికి అంగుళం దూరంలో పెట్టుకుని ఉంది.

"ఇది నా పేరేనేట్రా?"

"నీదే అత్తా."

"ఇన్నాళ్లూ నీ పేరునో నా కొడుకు పేరునో సదివినాను. నేను సదువుతానని ఎక్కడా రాయలేదు ఎవులూ." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో గుర్తుగా ఉంచుకుంది. "ఆ నౌపాడ మనిసి ఎదురు సూత్తాది. మన పేరెట్టినాక మాట పోగూడదు. పొద్దున్న ఎలుతురుంటాది, మంచం తోటలోకి ఎయ్యరా."

పన్నెండు రోజుల్లో పూర్తిచేసింది. బావ అడగక్కర్లేకపోయింది, ఆటోని తనే పిలిపించుకుంది. డాక్టరు చెయ్యి వణకలేదు. ఆపరేషన్ గది బయట మా బావ మాత్రం తోటలో కాయలన్నీ దేవుళ్లకి మొక్కేశాడు.

నెల తిరిగాక అత్త నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, టెక్కలి బస్టాండు వెనక ఆ అమ్మాయి సెంటర్‌కి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. తెర మీద తన పేరు చూపించమంది. పక్కన గడువు కంటే ముందే తిరిగి ఇచ్చారు అని ఉంది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, రెండుసార్లు పైకి చదువుకుంది. కింద ఇంకో వరసలో ప్రెసిడెంటు గారి పేరు ఉంది. కార్ఖానా నుంచి వస్తూ ఏదో పుస్తకం తీసుకుని, రాయమని నా ఎదురుగా నిలబడి మరీ రాయించుకున్నారాయన. గడువు దాటి నాలుగు రోజులైంది.

"ఈయనెవుడో ఇవ్వలేదు, అడగండ్రా" అంది అత్త.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు నాకు సిగ్గనిపించే సంగతొకటి గుర్తొచ్చింది. ఇంత గొడవా పడ్డాను కానీ ఆ నవల నేను చదవనేలేదు.

"ఇంతకీ ఆ పిల్ల ఏమైంది అత్తా? ఇల్లు చేరిందా?"

అత్త నల్ల కళ్లద్దాలు సర్దుకుని నావైపు తిరిగింది.

"నౌపాడ ఆవిడ ఇచ్చినాక, నీ పేరు రాయించుకుని పట్టికెల్లి సదువుకో."